ఉద్యోగం పురుషలక్షణమేనా? - తెలుగు నవలలో విముఖ యువకుడు

"ఉద్యోగం పురుషలక్షణం" అన్న మాటను మనం ఎంత తరచుగా వాడుతామో, దాని అర్థాన్ని అంత అరుదుగా విచారిస్తాము. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. పాండవులు కొలువు చేసినది విరాటపర్వంలో. ఉద్యోగపర్వంలో వారు చేసినది యుద్ధసన్నాహం. ఆ రెండు పర్వాల నడుమ ఉన్న ఈ భేదాన్ని మన వాడుక చెరిపివేసినది. తెలుగులో ఉద్యోగమంటే కొలువు, నెలజీతం. హిందీలో అదే మాటకు పరిశ్రమ అని, కర్మాగారాల వ్యవస్థ అని అర్థం. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువగా ఉన్న ఈ సోనారిలో, ఉక్కు కర్మాగారం చుట్టూ పుట్టి పెరిగిన జంషెడ్‌పూరులో, తెలుగు నవలను హిందీలోకి తెచ్చే పనికి పూనుకొన్న అనువాదకునికి ఈ మూడర్థాలూ ఒక్కసారిగా ఎదురుపడతాయి. పూనిక మగవాని లక్షణమా? జీతం మగవాని లక్షణమా? లేక కర్మాగారమే మగవాని లక్షణమా? ప్రశ్న పదాలకు సంబంధించినదిగా కనిపించినా, నిజానికి అది జీవితానికి సంబంధించినది.

జీతం పురుషలక్షణమైన చోట జీతంతో కొనగలిగిన వస్తువులు కూడా పురుషలక్షణాలే అవుతాయి. చేతి గడియారం, మోటారు వాహనం, సొంత యిల్లు - వీటి వరుసనుబట్టి మనిషి విలువ తేలుతుంది. వస్తువులు సమకూర్చినవాడు గనుక యింటిమీద అధికారమూ అతనిదే. కొలువు, వస్తుసంచయం, అధికారం - ఈ మూడూ ఒకే త్రాటి మూడు పేటలు. ఇట్టి త్రాటిని తన మెడకు తగిలించుకొనడానికి ఒక యువకుడు ఇష్టపడకపోతే అతడేమౌతాడు? అతడు విరాగి యా, సోమరియా, అసమర్థుడా, లేక ఇంకా మనం పేరు పెట్టని ఒక కొత్త మానవుడా? గత శతాబ్దపు తెలుగు నవల ఈ ప్రశ్నను పలుమారులు అడిగినది. అది చెప్పిన సమాధానాలను ఒకచోట చేర్చి తూచి చూడటం ఈ వ్యాసోద్దేశం.

ఈ విముఖత మనకే ప్రత్యేకమైనది కాదు. జపానులో ఇట్టి యువకులకు 2006లో ఫుకసావా మాకి అనే రచయిత్రి "సోషోకుకెయ్ దన్షి" అని పేరు పెట్టినది. గడ్డీగాదమూ మేసే జాతి మగవారని దాని భావం. పెద్ద కొలువులకోసం, ఖరీదైన వాహనాలకోసం, స్త్రీలను గెలుచుకొనడంకోసం ఉరకలు వేయని మెత్తని యువకులను ఉద్దేశించి పుట్టిన ఆ మాట కొద్ది యేండ్లలోనే ఆ దేశమంతటా వ్యాపించినది. చైనాలో 2021లో "తాంగ్ పింగ్", అంటే వెల్లకిలా పడుకొనడం, అన్న మాట ఇట్లే ప్రచారంలోకి వచ్చినది. అక్కడ అది విరామమెరుగని శ్రమకు యువతరం తెలిపిన నిరసన. జపాను మాటను తెలుగు చేయబోతే మాత్రం విచిత్రమైన చిక్కు వస్తుంది. మనలో శాకాహారి అన్న మాటకు ఏ కొత్తదనమూ లేదు. పోనీ గడ్డి తినేవాడు అందామా? మన నుడికారంలో డబ్బుకోసం గడ్డి తినేవాడు సిగ్గు విడిచి సంపాదించేవాడు! జపానువాడు ఆశ విడిచినవానికి పెట్టిన పేరును మనవాడు ఆశకు అమ్ముడుపోయినవానికి పెట్టినాడు. అనువాదానికి లొంగని ఈ నుడికారంలో ఒక నీతి ఉన్నది. సంపాదనను పురుషలక్షణంగా కొనియాడిన జాతియే, సంపాదన హద్దుమీరినప్పుడు మనిషిలో పశువును కూడ చూడగలిగినది.

మన ఆధునిక సాహిత్యపు తొలి యువకులు విముఖులు కారు; సుముఖులు. గురజాడవారి గిరీశానికి చుట్ట, ఇంగ్లీషు మాట, సంస్కరణోపన్యాసం అన్నీ అలంకారాలే. అతడు వస్తువులు కొనకుండానే వస్తుసంపన్నునివలె కనిపించగల నేర్పరి. మొక్కపాటివారి పార్వతీశం బారిష్టరు కావడానికి బయలుదేరి, మద్రాసులో దొరటోపీ అనుకొని ఆడవారి టోపీ కొంటాడు. తరతరాలుగా పాఠకులను నవ్విస్తున్న ఆ ఘట్టంలో ఒక సూక్ష్మం ఉన్నది. పెద్దమనిషి కావాలంటే ముందుగా కొన్ని వస్తువులు కొనాలని పార్వతీశానికి తెలుసు. ఏ వస్తువు పురుషునిది, ఏది స్త్రీది అన్నది మాత్రం ఆ వస్తువును చేసిన నాగరకతకే తెలుసు. పురుషత్వం అంగడిలో దొరికేదైతే పల్లెటూరి అమాయకునికి ఈ పొరపాటు తప్పదు.

అంగడి ఉపమానం ఇక్కడితో ఆగలేదు. కాళ్ళకూరి నారాయణరావుగారి "వరవిక్రయం" నాటకంలో పురుషుడే సరుకైనాడు. అక్క కాళింది కట్నపు రాక్షసికి బలి అయిపోతే, చెల్లెలు కమల ఆ తర్కాన్ని తుదముట్టా నడిపిస్తుంది. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవారి యింట ఉండవలె గదా అన్నది ఆమె వాదం. 1939లో చలనచిత్రంగా వచ్చి మరింత మందికి చేరిన ఈ కథ, ఆ కాలపు సంస్కరణ సాహిత్యంలో మిక్కిలి కఠినమైన హాస్యం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినది. అయినా వరుని కొలువునుబట్టి కట్నం వెల కట్టడం నేటికీ పోలేదు. కొలువు పురుషలక్షణమన్నవారు దానిని ధరల పట్టికగా కూడ వాడుకొన్నారన్నమాట. కాబట్టి కొలువును, వస్తువులను నిరాకరించే యువకుడు కొనుగోలుదారుగా ఉండటానికే కాదు, తాను సరుకుగా ఉండటానికి కూడ నిరాకరిస్తున్నాడు. అతని విముఖతలోని గౌరవం ఇక్కడ ఉన్నది.

ఈ గౌరవాన్నీ, దాని వెనుకనున్న గోతినీ ఒకే నవలలో చూపిన రచయిత గోపీచంద్. 1947 నాటి "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు సంపన్న కుటుంబంలో పుట్టినవాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టుమని మరణశయ్యపైనుండి తండ్రి చెప్పిన మాట అతని వెంట నీడవలె నడుస్తుంది. అతడు ఆ ప్రతిష్ఠను నిలబెట్టబోయి ఆస్తిని పోగొట్టుకొంటాడు. తరువాత ఆస్తి కూడబెట్టేవారిని, కొలువులు చేసేవారిని, లోకరీతిని అన్నింటినీ అసహ్యించుకొంటాడు. కొలువు దొరికినా అందులో నిలువడు. తర్కంలో అతన్ని గెలువగలవారు లేరు. లోకం ఎందుకోసం పరుగెత్తుతున్నదని అతడడిగే ప్రశ్నలకు పాఠకుని వద్ద కూడ సులభమైన సమాధానం ఉండదు. ఇంతవరకు అతడు మన కాలపు విముఖ యువకునికి తాత వంటివాడు.

కాని గోపీచంద్ అక్కడ ఆగలేదు. వస్తువులమీద ఆశ విడిచిన సీతారామారావు భార్యమీద అధికారం విడువలేదు. లోకంమీది కసిని అతడు ఇందిరమీద, కన్నబిడ్డమీద తీర్చుకొంటాడు. కొలువు పురుషలక్షణం కాదని వాదించినవాడు ఇల్లాలిని శాసించడం పురుషలక్షణం కాదని ఒక్కనాడూ వాదించడు. ముప్పేట త్రాటిలో రెండు పేటలు తెంచి మూడవదానిని మరింత బిగించి పట్టుకొన్నాడు. అతని పతనానికి కారణం మనస్తత్వ శాస్త్రంలో వెదకిన విమర్శకులున్నారు. అతనిని బద్ధకపు జమీందారీ సంస్కృతికి ప్రతినిధిగా చూచినవారూ ఉన్నారు. ఇవి రెండూ అంగీకరింపదగినవే. అయితే ఇందిర వైపునుండి చదివినప్పుడు మాత్రమే ఆ నవల పూర్తిగా తెలుస్తుందని నా అభిప్రాయం. భర్త తాత్త్వికుడైన ప్రతి పూటా పొయ్యిలోకి కట్టెలు ఎక్కడివని ఆలోచించవలసినది ఆమె. అతని ప్రశ్నలు గొప్పవే. వాటి ఖరీదు చెల్లించినది ఆమె.

మన పెద్దలు వైరాగ్యాన్ని పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం అని మూడు విధాలుగా విభజించి నవ్వుకొన్నారు. మూడూ తాత్కాలికాలే. పురాణం ముగిసి చాప చుట్టగానే మొదటిది, బిడ్డ నవ్వగానే రెండవది, ఇంటికి వచ్చి స్నానం చేయగానే మూడవది తొలగిపోతాయి. సీతారామారావు కథ శ్మశానంలోనే ముగుస్తుంది. అతనికి తిరిగివచ్చి స్నానం చేయడానికి ఇల్లంటూ మిగలలేదు. ఆ ముగింపును రచయిత విధించిన శిక్షగా గాక, ఒక తర్కం తన చివరి మెట్టుకు చేరడంగా గ్రహించవలె. ఇతరుల శ్రమమీద నిలిచిన వైరాగ్యానికి ఇంటికి దారి ఉండదు.

ఖరీదు ఎవరు చెల్లించినారన్న ఈ ప్రశ్న విశ్వసాహిత్యంలో కూడ ఇట్టి నాయకుల కందరికీ వర్తిస్తుంది. 1859లో వెలువడిన గోంచరోవ్ నవలలో ఒబ్లోమోవ్ పడకనుండి లేవకుండా జీవితాన్ని తిరస్కరిస్తాడు. అతని పడకకు అడుగున ఉన్నది దూరగ్రామంలోని అర్ధబానిసల చెమట. డబ్బు రావడం ఆగిపోయిన రోజుల్లో అతనికి అన్నం పెట్టడానికి అగాఫ్యా అనే సామాన్య స్త్రీ తన ముత్యాలను, వెండిని తాకట్టు పెడుతుంది. జపాను రచయిత సోసెకి 1909లో వ్రాసిన "సొరెకర" నవలలో దైసుకె ముప్పయ్యేండ్లకు కూడ కొలువు చేయడు. అన్నానికై చేసే పని పని కాదని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి వ్యాపారియైన తండ్రి నెలనెలా పంపే డబ్బు ఆధారం. ఒక స్త్రీ బాధ్యతను స్వీకరించవలసి వచ్చి, తండ్రి చేయి వెనుకకు తీసుకొన్ననాడు, అతడు పనికోసం వీధిన పడతాడు. ఒబ్లోమోవ్, దైసుకె, సీతారామారావు ఒకరి నొకరు ఎరుగరు. అయినా ముగ్గురి లెక్కల పుస్తకంలోనూ ఖర్చు పద్దు ఇతరుల చేతివ్రాతలోనే ఉన్నది.

బుచ్చిబాబు "చివరకు మిగిలేది" నవలకు వచ్చేసరికి వాతావరణం మారుతుంది. 1946-47లో "నవోదయ"లో ధారావాహికంగా వెలువడిన ఈ నవలలో దయానిధి వైద్యుడు. కొలువు అతనికి భారం కాదు. అతడు పని చేయగలవాడు. రాయలసీమలో వజ్రం చేజిక్కి ధనమూ వస్తుంది. కాని ధనం అతనిని తాకదు, అతడు ధనాన్ని తాకడు. తల్లిని గురించి లోకం వేసిన నింద అతని గుండెలో ముల్లై నిలిచి, ప్రేమించడంలోనే అతనిని సంశయాత్మునిగా చేసినది. స్త్రీని జయించి తీరాలన్న పురుషాభిమానం అతనికి లేదు. ఎదుటి స్త్రీని ఆమెగా చూడాలన్న తపన ఉన్నది. ఇది తెలుగు నవలకు కొత్త. అయితే ఆ చూపులో ఎంత సౌకుమార్యం ఉన్నదో అంత దూరమూ ఉన్నది. స్త్రీలు అతనికి అనుభూతులుగా, సమస్యలుగా, చిత్తరువులుగా కనిపిస్తారు. అతడు కట్టుకొన్న భార్య పేరు కూడ ఇందిరయే కావడం యాదృచ్ఛికమే అయినా ఆలోచింపజేస్తుంది. మొదటి ఇందిర భర్త అధికారానికి గురి అయినది; ఈ ఇందిర భర్త అన్యమనస్కతకు గురి అయినది. అధికారం విడవడమంటే ఆసక్తినే విడవడం కాదని ఈ రెండు నవలలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తెలుస్తుంది.

రాచకొండ విశ్వనాథశాస్త్రి "అల్పజీవి" ఇదే ప్రశ్నను తలక్రిందులు చేసి అడుగుతుంది. సుబ్బయ్యకు కొలువున్నది. సామెత ప్రకారం అతడు పురుషలక్షణ సంపన్నుడు. కాని కార్యాలయంలో గాని ఇంటిలో గాని అతనిని పురుషునిగా లెక్కపెట్టినవారు లేరు. బావమరిది ఒత్తిడికి తలవంచి కాంట్రాక్టరు గవరయ్య డబ్బును తాకినప్పటినుండి భయం అతని ఊపిరిలో భాగమౌతుంది. గవరయ్యవంటి దిట్టల లోకంలో మగతనమంటే దబాయింపు, డబ్బు, ఎదుటివానిని అణచగల గొంతు. సుబ్బయ్య ఆ లోకాన్ని తిరస్కరించలేదు, అందులో ఓడిపోయినాడు. తిరస్కారానికీ ఓటమికీ ఉన్న భేదాన్ని గమనించడం విమర్శకుని ధర్మం. మెత్తనివాడల్లా అహింసావాది కాడు. పిరికితనాన్ని వైరాగ్యమని పిలిస్తే వైరాగ్యానికీ మర్యాద ఉండదు, పిరికివాని బాధకూ న్యాయం జరుగదు. రావిశాస్త్రి సుబ్బయ్యను వెక్కిరించినట్లు కనబడుతూనే, అతనిని అల్పజీవిగా చేసిన కొలమానాన్ని మరింత గట్టిగా వెక్కిరించినాడు. కొలువు మనిషిని నిలబెట్టదని ఆ నవల చెప్పినంత సూటిగా మరొకటి చెప్పలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పుకొనవలె. కలిగినవాడు కాదంటే అది త్యాగం. లేనివాడు ఏమని కాదనగలడు? నవీన్ "అంపశయ్య" 1969లో వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థి రవి జీవితంలోని ఒక్క దినం ఆ నవల. ఆ దినమంతా అతనిని వెంటాడేవి లేమి, పరీక్షల భయం, తీరని కోరికలు. తెలంగాణ పల్లెనుండి వచ్చిన రవికి కొలువు బంధం కాదు, విముక్తి. వస్తుతృష్ణను గురించి అతనికి ఉపదేశించడం ఆకలిగొన్నవానికి ఉపవాస మాహాత్మ్యం చెప్పడమే. జంషెడ్‌పూరు చరిత్ర కూడ ఈ మాటనే బలపరుస్తుంది. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఇక్కడ ఉక్కు తయారు కావడం మొదలైన తరువాత, ఉత్తరాంధ్రనుండి వచ్చి ఈ కొలిముల యెదుట నిలిచిన తెలుగువారికి నెలజీతమంటే భూస్వామి గడపకు వంగనవసరం లేని బ్రతుకు. ఆ జీతంతో కొన్న ఇత్తడి బిందె, సైకిలు, పిల్లవాని పలక కేవలం వస్తువులు కావు. నిటారుగా నిలబడటానికి ఊతలు. ఆ తాతల మనుమలు నేడు అదే జీతాన్ని అనుమానంతో చూస్తే, అది తాతలపై తిరుగుబాటు కాదు. వారి శ్రమ కొనిపెట్టిన స్వేచ్ఛను మరొక విధంగా వినియోగించడమే. కాని ఆ ఋణం గుర్తున్నంత వరకే వారి విముఖతకు విలువ.

ఇంతవరకు చూచిన నాయకులలో ఎవరూ మూడు పేటలనూ తెంచలేదు. తెంచినవాడు వీరందరికంటె ముందే పుట్టి, విమర్శకుల దృష్టికి అంతగా రాక, ఒక మహానవల మూలలో నిలిచి ఉన్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో వ్రాసిన "మాలపల్లి" 1922లో వెలువడినది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించినది కూడ. సంగదాసును, రామదాసును, దోపిడికి దిగిన వెంకటదాసును గురించి ఎంతో వ్రాసినారు, అది న్యాయమే. నేను చెప్పేది రామానాయుడిని గురించి. అతడు భూస్వామి చౌదరయ్య కొడుకు. తన తండ్రి పాలేరైన సంగదాసును మిత్రునిగా, ఇంకా చెప్పాలంటే గురువుగా భావించినవాడు. ఆ మిత్రుడు తన తండ్రి చేతనే హతుడైనప్పుడు వారసత్వంగా వచ్చిన పొలం, పరపతి, పెత్తనం అతనికి ఎట్లా కనిపించి ఉంటాయో ఊహించవచ్చును. కులంవల్ల, ధనంవల్ల సంక్రమించే అధికారాన్ని అతడు లోపలినుండే తిరస్కరించినాడు.

అంతకంటె పెద్ద పరీక్ష ఇంటిలో ఎదురైనది. భార్య కమల మరొకనితో వెళ్ళిపోతుంది. అప్పటి సంఘం, అప్పటి నవల, అప్పటి నాటకం ఇట్టి భర్తకు రెండు దారులే చూపినవి: కత్తి పట్టడం, లేదా సన్యసించడం. మొదటిది పౌరుషం, రెండవది వైరాగ్యం. రామానాయుడు రెండింటినీ కాదన్నాడు. ఆమెను దండించడు, ఆమెపై ద్వేషాన్ని కూడ పెంచుకొనడు. ఆమె తప్పిదాన్ని తన గౌరవానికి తగిలిన దెబ్బగా గాక ఒక మనిషి పడిన బాధగా చూడగలుగుతాడు. చేయవలసిన పనులు మాత్రం మానడు. భార్య భర్త సొత్తు కాదన్న మాటను ఉపన్యాసంగా చెప్పిన పాత్రలు మన సాహిత్యంలో ఎన్నో ఉన్నవి. నష్టం తనకే కలిగిననాడు ఆ మాటకు కట్టుబడినవారు అరుదు. చలంగారి "మైదానం" 1927లో వచ్చినది. అందులో స్త్రీ సర్వబంధాలూ తెంచుకొని వచ్చినా, అమీరులోని స్వామిత్వభావం చావలేదు. అయిదేండ్ల ముందే ఉన్నవవారు, ప్రేమ విప్లవాన్ని ప్రకటించకుండానే, ఆ స్వామిత్వాన్ని మెల్లగా క్రింద పెట్టిన పురుషుని చిత్రించినారు.

ఆ పాత్ర శిల్పరీత్యా సంపూర్ణమని నేననను. ఆదర్శం బరువు చేత రామానాయుడు కొన్ని తావుల చిత్రపటంవలె నిశ్చలంగా ఉంటాడు. సీతారామారావు గుండెచప్పుడు వినిపించినట్లు అతనిది వినిపించదు. దయానిధి సంశయాలలోని రంగులు అతనిలో లేవు. మనకొక లోటు అక్కడే ఏర్పడినది. విడువదగినదానిని విడిచినవానికి లోపలి జీవితాన్ని ఇవ్వలేకపోయినాము. లోపలి జీవితం ఇచ్చినవాని చేత విడువదగినదానిని విడిపించలేకపోయినాము. అంతరంగ చిత్రణలో 1947 తరువాతి నవల సాధించిన నేర్పును, 1922 నాటి నవల చూపిన నైతికధైర్యంతో ముడిపెట్టే పని ఇంకా జరుగవలసి ఉన్నది.

తిరిగి అనువాదకుని బల్ల వద్దకు వద్దాము. "అసమర్థుడు" అన్న మాటకు హిందీలో సరిపోయే మాట వెదకనక్కరలేదు, "అసమర్థ్" ఉన్నది. కాని దేనికి అసమర్థుడు? తెలుగు పాఠకుడు సంపాదనకు అని వెంటనే పూరిస్తాడు. గోపీచంద్ నవల పేరులోని వ్యంగ్యం ఆ పూరణలోనే మరుగైపోతుంది. సీతారామారావు అసమర్థత సంపాదించలేకపోవడంలో లేదు. తనతో బ్రతుకుతున్నవారి బరువును తనదిగా ఎంచలేకపోవడంలో ఉన్నది. "పౌరుషం" అన్న మాట మరింత చిక్కు. మనలో అది రోషానికి, పట్టుదలకు, మాటపడని తనానికి కలిపి పేరు. "పురుషార్థం" మనకు ధర్మార్థకామమోక్షాలు. హిందీ వాడుకలో అది ఎక్కువగా పరాక్రమం, కృషి. పురుషునికి నాలుగు ప్రయోజనాలు చెప్పిన సంప్రదాయంలో అర్థం ఒక్కటే నిలిచి మిగిలిన మూడూ దానికి సేవకులైనట్లు మన పలుకుబడి ఎట్లా మారినదో నిఘంటువు చెప్పదు, నవల చెప్పగలదు.

నేటి యువకులలో కొందరు కొనవలసినవన్నీ కొనకుండా, గెలువవలసినవన్నీ గెలువకుండా, ఇంట వంట చేయడానికి, బిడ్డను ఎత్తుకొనడానికి, కన్నీరు దాచుకొనకుండా ఉండటానికి సిగ్గుపడని జీవితాన్ని కోరుకొంటున్నారు. వారిని చూచి తండ్రులు దిగులు పడటం సహజం. మన సంప్రదాయం కూడ వారికి పూర్తిగా పరాయిది కాదు. వానలు లేకపోతే విరాటపర్వం చదివించుకొన్న జాతి మనది. ఆ పర్వంలో భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పిన బృహన్నల. అయితే అది ఏడాది గడువుగల మారువేషం. ధర్మరాజు పణంగా ఒడ్డిన ద్రౌపది ఆ యేడాది కూడ సైరంధ్రియై అవమానం పడినది. మారువేషమైన మెత్తదనం చాలదని వ్యాసునికి, తిక్కనకు తెలుసు.

కనుక విముఖుడైన యువకుని విమర్శకుడు అడుగవలసినది "ఏమి విడిచినావు?" అని కాదు. "నీవు విడిచినదాని బరువు ఎవరి తలమీద పడినది?" అని. ఆ బరువు ఇందిర తలమీద పడితే అది పాత పెత్తనమే, ధోవతి మార్చుకొని వచ్చినది. అతడే మోస్తే, నలుగురితో పంచుకొని మోస్తే, ఉద్యోగం అన్న మాటకు దాని తొలి అర్థమైన పూనిక తిరిగి లభిస్తుంది. అప్పుడది పురుషలక్షణమని ప్రత్యేకించి చెప్పవలసిన అవసరమూ ఉండదు, మనుష్యలక్షణమంటే చాలును.